మోటార్‌హోమ్ కిటికీల దగ్గర గాలి మోత: ఈల వేరు, హోరు వేరు, గుబగుబ వేరు

వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటగానే మోటార్‌హోమ్ (ఇంటి వసతులన్నీ ఉన్న బండి) ముందు సీట్లలో కూర్చున్న ఇద్దరూ తెలియకుండానే గొంతు పెంచుతారు. వెనక సోఫాలో ఉన్నవాళ్లకు అది కూడా సగమే వినపడుతుంది. ఏదో కిటికీ దగ్గర సన్నగా ఈల, ఇంకో మూల ఎడతెగని హోరు. ఏం చెయ్యాలని నలుగురిని అడిగితే నాలుగు సలహాలు వస్తాయి. రబ్బర్లు మార్చమని ఒకరు, అద్దాలే మార్చమని ఇంకొకరు, తలుపు రేకుకు డ్యాంపింగ్ షీట్ అతికించమని మూడోవారు. ఎనభైలో వెళ్తే ఏ గొడవా ఉండదు కదా అని నాలుగోవారు. ఈ నలుగురిలో అబద్ధం చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నలుగురూ నాలుగు రకాల చప్పుళ్ల గురించి చెబుతున్నారు, అంతే. మన బండిలో ఉన్నది ఏ చప్పుడో తేలకుండా సలహా పాటిస్తే డబ్బు ఖర్చవుతుంది, మోత మాత్రం అలాగే ఉంటుంది.

## పుట్టడం, దూరడం, దాటడం

గాలి మోత మన చెవిదాకా రావడంలో మూడు మెట్లు ఉన్నాయి.

మొదటిది పుట్టడం. బండి ముందుకు పోతుంటే గాలి దాని అంచులకు, మూలలకు, సైడ్ మిర్రర్లకు తగిలి చెదిరి సుడులు తిరుగుతుంది. ఈ చప్పుడు బండి బయట పుడుతుంది.

రెండోది దూరడం. కిటికీ చుట్టూ ఉన్న రబ్బరు ఎక్కడో సరిగ్గా అదమకపోతే, ఆ సందులోంచి బయటి చప్పుడు నేరుగా లోపలికి వస్తుంది. పైగా సందులో జారే గాలి తన వంతు ఈల కూడా వేస్తుంది.

మూడోది దాటడం. సందు ఏమీ లేకపోయినా, బయటి ఒత్తిడి హెచ్చుతగ్గులకు అద్దమే సన్నగా కంపిస్తుంది. లోపలి వైపు అది స్పీకర్ డయాఫ్రమ్‌లా పనిచేస్తుంది.

రబ్బరు మార్చడం రెండోదానికి మందు. బరువైన అద్దం మూడోదానికి. వేగం తగ్గించడం మొదటిదానికి. ఇక డ్యాంపింగ్ షీట్ అనేది రేకు గణగణలాడకుండా పట్టి ఉంచుతుంది. కిటికీ సందులో ఈల వస్తుంటే తలుపు రేకుకు ఎన్ని షీట్లు అతికించినా దానికి సంబంధమే ఉండదు. ఈ మూడింటికీ బయట, కిటికీ కొద్దిగా తెరిచినప్పుడు చెవులు అదిరే గుబగుబ ఒకటుంది. దాని సంగతి తరవాత.

## ఒకే బండిలో రెండు జాతుల కిటికీలు

మామూలు కారు గురించి తెలిసినవాళ్లు కూడా మోటార్‌హోమ్ దగ్గర తడబడటానికి కారణం ఇదే. డ్రైవర్ క్యాబిన్ ఒక కంపెనీది, వెనక ఇల్లు ఇంకో కంపెనీది. ఫియట్ డుకాటో, మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటి సరుకు వ్యాన్ల మీద ఇంటి భాగాన్ని వేరే తయారీదారు కట్టుకుంటాడు. అందుకే క్యాబిన్‌లో కిందికి దిగే గాజు అద్దాలు ఉంటాయి. అవి మెత్తటి నూగు ఉన్న రబ్బరు ఛానెల్‌లో జారుతాయి.

ఇంటి భాగంలో అలా కాదు. ఐరోపా తరహా బండ్లలో ఎక్కువగా కనిపించేవి ఆక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) కిటికీలు. రెండు ఆక్రిలిక్ పొరలు, మధ్యలో గాలి, పైన కీలు, కింద గొళ్లేలు. బయటికి తోసి తెరుస్తాం. అమెరికా తరహా బండ్లలో అల్యూమినియం చట్రంలో పక్కకు జరిగే గాజు కిటికీలు ఎక్కువ. వాటి సందులను మూసేది గట్టి రబ్బరు కాదు, బ్రష్‌లా ఉండే నూగు పట్టీ. వాన నీళ్లు ఆపడానికి అది చాలుతుంది కానీ, ధ్వనిని ఆపడంలో అదిమిన రబ్బరుతో పోటీ పడలేదు. జరగాల్సిన కిటికీ కదా, మరీ బిగించేస్తే తెరుచుకోదు.

ఆక్రిలిక్ కిటికీల్లో మరో మెలిక ఉంది. చాలావాటి గొళ్లేలకు రెండు స్థానాలుంటాయి. ఒకటి పూర్తిగా బిగించేది. ఇంకోటి రాత్రి పడుకున్నప్పుడు కాస్త గాలి ఆడేలా సన్నటి సందు వదిలేది. ఆ రెండో స్థానంలో ఉన్న కిటికీ చూడ్డానికి మూసినట్టే ఉంటుంది. పొద్దున్నే అది మరిచిపోయి బండి తీస్తే ఈల తప్పదు. ఈల సంగతి అలా ఉంచితే, దారిలో కిటికీయే ఊడిపోయే ప్రమాదం ఉంది. ప్రయాణంలో అన్ని గొళ్లేలూ పూర్తిగా బిగించి ఉండాలని మాన్యువల్‌లో రాసేది అందుకే. వేలు ఖర్చు పెట్టాక బయటపడిన కారణం ఈ గొళ్లెమే అయితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

## వేగం కాస్త పెరిగితే మోత అంతగా ఎందుకు పెరుగుతుంది

గాలి ప్రవాహం వల్ల చప్పుడు ఎలా పుడుతుందో 1952లో బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త జేమ్స్ లైట్‌హిల్ గణితంలో చూపించారు. ఆ సిద్ధాంతాన్ని 1955లో కర్ల్ ఘన వస్తువుల పక్కన పారే గాలికి విస్తరించారు. మనకు పనికొచ్చే ముక్క ఒక్కటే. గట్టి వస్తువుకు తగిలి చెదిరే గాలి చేసే చప్పుడు శక్తి, దాదాపు వేగం ఆరో ఘాతంగా పెరుగుతుంది.

లెక్క చూద్దాం. 80 నుంచి 100కి వెళ్తే వేగం 1.25 రెట్లయింది. ఆరో ఘాతం వేస్తే సుమారు 3.8 రెట్లు, అంటే దాదాపు 6 డెసిబెల్స్. 80 నుంచి 120కి వెళ్తే 11.4 రెట్లు, అంటే 10 డెసిబెల్స్ పైమాటే. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి మోత ఇంచుమించు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. స్పీడోమీటర్ ముల్లు సగమే పెరిగింది, మోత రెండింతలైంది. ఎనభైలో వెళ్లమన్న నాలుగో మనిషి మాటలో పస ఇదే.

అయితే గాలికి స్పీడోమీటర్‌తో పని లేదు. బండికీ గాలికీ మధ్య ఉన్న వేగమే లెక్క. 90లో వెళ్తుంటే ఎదురుగాలి 30 ఉందనుకోండి, కిటికీకి తగిలేది 120. గాలి వీచని రోజుతో పోలిస్తే 7.5 డెసిబెల్స్ ఎక్కువ. నిన్న ఎదురుగాలిలో వెళ్లి, రాత్రి ఏదో పట్టీ అతికించి, ఈ రోజు గాలివాటుగా వెళ్లి "అబ్బ, ఎంత తేడా" అనుకునేవాళ్లు చాలామంది. ఆ తేడాలో పట్టీ వాటా ఎంతో ఎవరికీ తెలియదు. పక్కగాలి సంగతి ఇంకా చిత్రం. గాలి కొట్టే వైపు కంటే దానికి మరుగున ఉన్న వైపే సుడులు ఎక్కువ లేచి, అటువైపు కిటికీలు ఎక్కువ మోగవచ్చు.

హోరు కాకుండా ఒకే స్వరంలో కూత వస్తుంటే దాని వెనక వేరే సూత్రం ఉంది. గాలికి తీగలు ఎందుకు పాడతాయో 1878లో స్ట్రౌహల్ అనే భౌతిక శాస్త్రవేత్త కొలిచి చూశాడు. గుండ్రటి కడ్డీ వెనక సుడులు అటొకటి ఇటొకటి వరసగా ఊడిపోతుంటాయి. సెకనుకు ఎన్ని ఊడతాయో తెలియాలంటే గాలి వేగాన్ని కడ్డీ మందంతో భాగించి 0.2తో గుణిస్తే సుమారుగా వస్తుంది. గంటకు 90 అంటే సెకనుకు 25 మీటర్లు. కడ్డీ మందం 10 మిల్లీమీటర్లయితే 500 హెర్ట్జ్. 5 మిల్లీమీటర్లయితే 1000 హెర్ట్జ్. వేగం పెరిగేకొద్దీ స్వరం కూడా పైకి పోతుంటే అది ఇలాంటి కడ్డీనో, యాంటెన్నానో, కప్పు మీది రాక్‌దో కావచ్చు. కిటికీ పైన గోడకు బిగించిన ఆనింగ్ (నీడకు బయటికి చాపే గుడ్డ పందిరి) పెట్టెకూ గోడకూ మధ్య సందు కూడా ఇలాగే కూస్తుంది. లోపల కూర్చున్నవాళ్లకు అది కిటికీ నుంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. పాపం, కిటికీ రబ్బరు మీద పడతారు.

## ఒక్క మిల్లీమీటర్ సందు ఎంత పని చేస్తుంది

మొత్తం గొడవలో అసలు కీలకం ఇక్కడుందని నేననుకుంటాను. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

ముందు గాలి కిటికీని ఏం చేస్తుందో చూడాలి. ఎదురుగాలి కిటికీని లోపలికి నెడుతుందని చాలామంది అనుకుంటారు. ముందు అద్దం విషయంలో అది నిజమే. పక్క కిటికీల సంగతి వేరు. బండి ముందు మూల తిరిగేటప్పుడు గాలి వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. దాంతో పక్క కిటికీ బయటికి లాగబడుతుంది. ఎంత బలంతో? గంటకు 90 దగ్గర గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 375 న్యూటన్లు. మూల దగ్గర చూషణ కూడా దాదాపు అంతే ఉందనుకుందాం. మీటరు పొడవు, అర మీటరు ఎత్తున్న కిటికీ మీద అది 187 న్యూటన్లు. అంటే 19 కిలోల బరువు కట్టి బయటికి లాగుతున్నట్టు. ఆ లాగుడంతా ఓర్చుకునేది రెండు మూడు ప్లాస్టిక్ గొళ్లేలూ ఒక కీలూ. గొళ్లేనికీ గొళ్లేనికీ మధ్యలో కిటికీ అంచు విల్లులా కొద్దిగా వంగుతుంది. అక్కడ రబ్బరు మీద అదుము తగ్గుతుంది. క్యాబిన్ తలుపు పై చట్రానికీ ఇదే గతి.

దీనివల్ల రెండు అపోహలు వస్తాయి. ఆగి ఉన్న బండిలో కిటికీకి కాగితం పెట్టి మూసి లాగితే అది గట్టిగానే పట్టుకుంటుంది. "రబ్బరు బాగానే ఉంది" అనుకుంటాం. వేగంలో అదే రబ్బరు వదులవుతుందని ఆ కాగితానికి తెలియదు. రెండోది, నడిచే బండిలో కిటికీ అంచు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే గాలి తగలదు. "లీకేజీ లేదు" అంటాం. అక్కడ ఒత్తిడి బయట తక్కువ, లోపల ఎక్కువ కాబట్టి గాలి బయటికి పోతుంటుంది. చేతికి తగలకపోవడం లీకేజీ లేదనడానికి సాక్ష్యం కాదు.

ఇక ధ్వని లెక్క. ఒక కిటికీ 30 డెసిబెల్స్ ఆపుతుందంటే, బయట ఉన్న ధ్వని శక్తిలో వెయ్యో వంతే లోపలికి వదులుతోందని అర్థం. మన కిటికీ వైశాల్యం అర చదరపు మీటరు, అంటే 5000 చదరపు సెంటీమీటర్లు. దాని అంచున 50 సెంటీమీటర్ల మేర ఒక్క మిల్లీమీటర్ సందు ఉందనుకోండి. ఆ సందు వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లు, కిటికీలో సరిగ్గా వెయ్యో వంతు. సందుకు తగిలిన ధ్వని తగిలినట్టే లోపలికి వస్తుందని సుమారుగా తీసుకుంటే, ఆ సన్నటి గీతలోంచి వచ్చేది మిగతా కిటికీ మొత్తంలోంచి వచ్చేదానితో సమానం. 30 కాస్తా 27 అయింది.

ఇదే కిటికీకి బోలెడు డబ్బు పెట్టి 40 డెసిబెల్స్ ఆపే అద్దం వేయించారనుకుందాం. సందు మాత్రం అలాగే వదిలేశారు. అద్దంలోంచి పదివేలో వంతు, సందులోంచి వెయ్యో వంతు. మొత్తం కలిపితే కిటికీ ఆపేది 29.6 డెసిబెల్స్. పది పెరుగుతుందని కొన్నారు, చేతికొచ్చింది రెండున్నర. పాత అద్దాన్నే ఉంచి సందు మూసినా 30 వచ్చేది.

అందుకే ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్లు ముందు సందులు చూడమంటారు. ఇది పొదుపు సలహాలా వినిపిస్తుంది గానీ, దాని వెనక ఉన్నది ఈ కూడిక లెక్కే.

## అద్దం మార్చాలనేవాళ్ల వాదన

సందులన్నీ మూశాక కూడా హోరు ఉందంటే అప్పుడు అద్దం వంతు. ఇక్కడ ముఖ్య సూత్రం బరువు. చదరపు మీటరుకు బరువు రెట్టింపైతే ఆపే ధ్వని సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్స్ పెరుగుతుంది.

గాజు సాంద్రత ఘన మీటరుకు 2500 కిలోలు. ఆక్రిలిక్‌ది 1190 మాత్రమే. 5 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 12.5 కిలోలు తూగితే, 3 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ పొరలు రెండూ కలిపి 7 కిలోల చిల్లర. రెండు పొరలున్నాయి కాబట్టి ఆక్రిలిక్ కిటికీ చప్పుడు బాగా ఆపుతుందనే నమ్మకం చాలామందిలో ఉంది. అది చలిని, వేడిని ఆపడంలో నిజం. ధ్వని విషయంలో రెండు తేలిక పొరలూ, మధ్య గాలీ కలిసి స్ప్రింగుతో కట్టిన రెండు పలకల్లా ఊగుతాయి. పొరల మధ్య 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే ఆ ఊగుడు సుమారు 300 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఆ స్వరం దగ్గర రెండు పొరల కిటికీ, అంతే బరువున్న ఒంటి పొర కంటే మెరుగు కాదు సరికదా, ఇంకా కాస్త అధ్వానం. అంతకంటే బాగా పై స్వరాల్లో మాత్రం రెండు పొరల లాభం కనిపిస్తుంది.

గాజుకూ ఒక బలహీనత ఉంది. 4 మిల్లీమీటర్ల గాజు దాదాపు 3000 హెర్ట్జ్ దగ్గర ధ్వనికి సులువుగా లొంగుతుంది. మన చెవి బాగా చురుగ్గా ఉండేదీ ఆ ప్రాంతంలోనే. రెండు గాజు పలకల మధ్య మెత్తటి ప్లాస్టిక్ పొర వేసి అతికించిన లామినేటెడ్ అద్దం ఆ కంపనాన్ని మింగేస్తుంది. కార్లలో అకౌస్టిక్ గ్లాస్ అని అమ్మేది ఇదే, ఆ మధ్య పొరను ఇంకా మెత్తగా చేసినది. క్యాబిన్ పక్క అద్దాలకు ఇది దొరికితే తేడా నిజంగానే వినిపిస్తుంది.

మరి ఇంటి భాగంలోనూ గాజే వేయవచ్చు కదా అంటే, అవతలి పక్షం తూకం చూపిస్తుంది. అర చదరపు మీటరు కిటికీలు ఆరు ఉన్నాయనుకుందాం. ఆక్రిలిక్ అయితే మొత్తం 21 కిలోలు. 4 మిల్లీమీటర్ల గాజు రెండు పొరలు వేస్తే 60 కిలోలు. ఐరోపాలో చాలా మోటార్‌హోమ్‌లు 3,500 కిలోల పరిమితి కింద నమోదవుతాయి. నీళ్లు, సామాను, మనుషులు అందులోనే సర్దుకోవాలి. 39 కిలోలంటే 39 లీటర్ల నీళ్లు వదులుకోవడం. పైగా కిటికీ కీళ్లు, గోడ చట్రం ఆ బరువు మొయ్యాలి. ప్రయాణం తక్కువ, ఒకచోట మకాం ఎక్కువ అనుకునేవాళ్లకు ఈ బేరం గిట్టదు. రోజుకు ఐదారు గంటలు డ్రైవ్ చేసేవాళ్లు వేరేలా చూస్తారు.

కర్టెన్ల గురించి ఒక్క మాట. పల్చటి కర్టెన్ ధ్వనిని ఆపదు. లోపల తిరుగాడే సన్నటి స్వరాలను కొంత పీల్చుకుంటుంది, లోపలి గణగణ తగ్గినట్టనిపిస్తుంది. మందమైన థర్మల్ తెరలు కొంచెం నయం, అంతే.

## చలికాలంలోనే ఈల ఎందుకు

వేసవిలో లేని ఈల చలిలో మొదలైతే మెకానిక్‌కు చెప్పినా నమ్మడు. కారణం ఉంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే మీటరు పొడవు ఆక్రిలిక్ దాదాపు 2.8 మిల్లీమీటర్లు మారుతుంది. అల్యూమినియం 0.9, గాజు 0.4 కూడా కాదు. అల్యూమినియం చట్రంలో ఆక్రిలిక్ కిటికీ ఉంటే, ఎండకూ చలికీ మధ్య రెండిటి పొడవుల్లో తేడా 2 మిల్లీమీటర్లకు దగ్గరగా మారుతుందన్నమాట. ఆ తేడాను సర్దుకోవాల్సింది రబ్బరు. చలికి ఆ రబ్బరు కూడా బిరుసెక్కుతుంది. ఏళ్ల తరబడి ఒకే తీరున నొక్కి ఉన్న రబ్బరు అదే ఆకారంలో అణిగిపోయి, వదిలినా తిరిగి లేవదు. చూపుకు పగుళ్లు లేకపోయినా పని అయిపోయినట్టే. రబ్బరుకు సిలికాన్ లేపనం రాస్తే మెత్తబడి కొన్నాళ్లు గడుస్తుంది, అణిగిపోయిన ఎత్తు మాత్రం తిరిగి రాదు.

## కిటికీ కొద్దిగా దించితే వచ్చే గుబగుబ

ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే బూమ్మని మోగుతుంది. మూతి దగ్గరున్న గాలి బరువుగా, లోపలి గాలి స్ప్రింగుగా ఊగడం వల్ల వచ్చే స్వరం అది. దీన్ని హెల్మ్‌హోల్ట్జ్ అనునాదం అంటారు. ఒక్క కిటికీ కొద్దిగా తెరిచిన బండి కూడా ఒక పెద్ద సీసాయే. కార్లలో ఈ స్వరం 20 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. వినపడటం కంటే చెవుల మీద కొట్టినట్టు తెలుస్తుంది. లోపలి ఖాళీ నాలుగింతలైతే స్వరం సగానికి దిగుతుంది కాబట్టి, పెద్ద మోటార్‌హోమ్‌లో అది మరీ కిందికి పోతుంది. ఇంకో కిటికీ కాస్త తెరిస్తే సీసాకు రెండో మూతి వచ్చినట్టయి సాధారణంగా చల్లబడుతుంది.

కిటికీ పైన అతికించే ప్లాస్టిక్ విండ్ డిఫ్లెక్టర్ల మీద వాదనలన్నీ ఇక్కడే పుడతాయి. అవి గాలిని కిటికీ మూతికి దూరంగా మళ్లిస్తాయి, గుబగుబ తగ్గుతుంది. అది మెచ్చుకునేవాళ్లు కిటికీ తెరిచి నడిపేవాళ్లు. కిటికీ మూసి నడిపేవాళ్లకు అదే డిఫ్లెక్టర్ గాలికి అడ్డంగా నిలిచిన మరో అంచు, మరో చప్పుడు. రెండు వర్గాలూ తమ చెవులతో విన్నదే చెబుతున్నాయి.

## చప్పుడు జాడ ఎలా తీస్తారు

కార్ల కంపెనీలు విండ్ టన్నెల్‌లో (ఆగి ఉన్న బండి మీదికి గాలి వదిలి పరీక్షించే గదిలో) చేసేది వినడానికి చాలా నాటుగా ఉంటుంది. బండి మీద సందులన్నిటికీ టేప్ వేసేస్తారు. కొలుస్తారు. ఒక్కొక్క టేపే పీకుతూ మళ్లీ కొలుస్తారు. ఏ టేప్ పీకినప్పుడు మోత లేచిందో అక్కడే దొంగ. పెయింటర్లు వాడే, జిగురు తక్కువున్న మాస్కింగ్ టేప్‌తో మామూలు రోడ్డు మీద కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. టేప్ వేసినా ఏమీ మారలేదంటే అదీ సమాచారమే. ఆ కిటికీలో సమస్య దూరడం కాదు, దాటడమో, పుట్టడమో. ఒకే రోడ్డు మీద, ఒకే వేగంలో, పోను రాను రెండు దిక్కుల్లోనూ విని పోల్చడం ఎందుకో ఎదురుగాలి లెక్క చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆగి ఉన్నప్పుడు చేసేవాటిలో రాత్రి లోపల టార్చి వేసి బయటినుంచి చూడటం ఒకటి. ఏసీ బ్లోయర్‌ను బయటి గాలి తీసుకునేలా పెట్టి గట్టిగా తిప్పి, బయట రబ్బరు అంచున సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడటం ఇంకొకటి. గ్యారేజీలలో 40 వేల హెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసే అల్ట్రాసౌండ్ పరికరం ఉంటుంది. లోపల కూతపెట్టే డబ్బా ఉంచి, బయట చిన్న మైకు పట్టుకుని అంచుల వెంట తిప్పుతారు. ఇవన్నీ పెద్ద సందులను పట్టేస్తాయి. వేగంలో మాత్రమే తెరుచుకునే సందును పట్టలేవు.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఆ అంకె చాలావరకు చెవి తీరుకు తగ్గట్టు సవరించినది. ఆ సవరణలో 20 హెర్ట్జ్ దగ్గర 50 డెసిబెల్స్ కోత పడుతుంది. చెవులు పగిలిపోయే గుబగుబ కూడా తెర మీద చిన్న అంకెగానే కనిపించవచ్చు. అటు సన్నటి ఈల ఆగిపోయినా మొత్తం అంకె ఒకటి కూడా తగ్గకపోవచ్చు, ఎందుకంటే దాని శక్తి తక్కువ. చిరాకు మాత్రం దానివల్లే ఎక్కువ.

## మూయకూడని సందులు

సందు కనిపించగానే సీలెంట్ పట్టించేయాలని చెయ్యి ఉబలాటపడుతుంది. కొన్ని సందులు కావాలనే పెట్టినవి. జరిగే కిటికీల చట్రం అడుగున చిన్న రంధ్రాలుంటాయి. ఛానెల్‌లో చేరిన వాన నీళ్లు పోయే దారి అది. మూస్తే నీళ్లు వెనక్కి తిరిగి గోడలోకి దిగుతాయి. వాటి నుంచే కూత వస్తుంటే నీళ్లు పోనిస్తూ గాలిని అడ్డే చిన్న రెక్క మూతలున్నాయి. గ్యాస్ పొయ్యి, హీటర్ ఉన్న ఇంటి భాగంలో కప్పు మీదా నేల దగ్గరా ఎప్పుడూ తెరిచి ఉండే వెంట్లు కూడా అంతే. అవి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ పోయే దారి ఉండదు, దానికి వాసన కూడా లేదు. ప్రమాదంలో బయటపడటానికి అని గుర్తు పెట్టిన కిటికీని ఎట్టి పరిస్థితిలోనూ అతికించకూడదు.

ఇంకొకటి, ఆక్రిలిక్ మీద వాడే రసాయనం. పెట్రోలు, థిన్నర్ తరహా ద్రావకాలు, అవి కలిసిన జిగుర్లు తగిలితే ఆక్రిలిక్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్లు లేస్తాయి. పాత జిగురు తుడవబోయి కిటికీనే పోగొట్టుకున్నట్టవుతుంది.

## ఒక చప్పుడు పోయాక వినిపించేది

కిటికీ దగ్గర సందు వల్ల 70 డెసిబెల్స్, టైర్ల వల్ల 68, ఇంజిన్ వల్ల 66 వస్తున్నాయనుకుందాం. డెసిబెల్స్‌ను నేరుగా కూడకూడదు, శక్తిని కూడాలి. మొత్తం 73 అవుతుంది. సందును పూర్తిగా మూసేశాం, 70 మొత్తం పోయింది. మిగిలేది 70. అన్నిటికంటే పెద్ద చప్పుడును తీసేసినా తగ్గింది మూడే. "ఇంత చేసి ఇంతేనా" అనిపించడం సహజం. అదే మిగిలిన టైర్ల మోతను కూడా తీసేయగలిగితే తరవాతి అడుగులో 4 తగ్గుతుంది. చివర చేసిన పని గొప్పదైనట్టు, మొదట చేసింది వృథా అయినట్టు కనిపిస్తుంది. రెండూ కలిస్తేనే ఆ 7 వచ్చింది.

ఇంకో సంగతి కూడా జరుగుతుంది. పెద్ద హోరు ఉన్నంతసేపు చిన్న చప్పుళ్లు దాని వెనక దాక్కుంటాయి. కొత్త రబ్బరు వేయించి రోడ్డెక్కిన రోజే కప్పు మీది వెంట్ మూత టకటకలాడటం, ఫ్రిజ్ గ్రిల్ సన్నగా కూయడం, అలమరలో పళ్లేలు ఒకదానికొకటి తగలడం మొదలవుతాయి. రబ్బరు వేసినవాడు ఏదో పాడుచేశాడని అనుమానం వస్తుంది. అవన్నీ మొదటి నుంచీ మోగుతున్నవే.